మిషనుకు మూడు రిమైండర్లు

శనివారం పొద్దున ఎనిమిదింబావుకే వెంకటసుబ్బారావు ఆఫీసు తాళం తీశాడు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన తొమ్మిదిన్నరకు ముందు రావడం ఇదే మొదటిసారి. పథకం చాలా సులువైనది. షాహీదా సెలవులో ఉంది. కంప్యూటరు ఖాళీగా ఉంది. యజమాని రావమ్మ గారు పదిన్నరకు వస్తారు. సోమవారం తెప్పిస్తానని షాహీదా మాట ఇచ్చిన సరుకును తాను శనివారమే తెప్పించి, అమ్మగారి టేబుల్ మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి. అంతే.

గవర్నర్‌పేటలోని ఆ కంపెనీ కూచిపూడి నాట్యానికి కావలసిన దుస్తులు, గజ్జెలు, జడ సామాన్లు తయారుచేసి విదేశాల్లోని డాన్సు స్కూళ్ళకు పంపుతుంది. పామర్రులో ఒక్క కుట్టుమిషనుతో మొదలుపెట్టి రావమ్మ గారు ఇంతదాకా లాక్కొచ్చారు. విదేశీ ఉత్తరాలన్నీ వెంకటసుబ్బారావు రాసేవాడు. ఆయన ఇంగ్లీషు ఉత్తరానికి ఎంత బలముందంటే, విరిగిన జడగంటలు అందుకున్న ఒక కస్టమరు ఆయన సంజాయిషీ చదివి, తిరిగి తనే క్షమాపణ చెప్పుకున్నాడు.

తొంభైతొమ్మిది జనవరిలో ఆఫీసుకు ఈమెయిల్ వచ్చింది. దాని వెంట, దాన్ని నడపడానికి, షాహీదా వచ్చింది. అక్కడితో వెంకటసుబ్బారావు జాతకం తిరగబడింది.

పూర్తి ఇంటర్నెట్ కావాలంటే ఆ రోజుల్లో ఎస్టీడీ కాల్ మీద హైదరాబాదుకు కలపాలి. బిల్లు చూస్తే గుండె ఆగేది. అందుకని రావమ్మ గారు ఈమెయిల్ ఒక్కటే తీసుకున్నారు. షాహీదా ఆ ఒక్కదానితోనే ఇంటర్నెట్టంతా లాగుతోంది. యూరప్‌లో ఎక్కడో ఒక మిషను ఉందట. కావలసిన పేజీ అడ్రసు రాసి దానికి ఒక మెయిల్ పంపితే, అది వెళ్ళి ఆ పేజీని పట్టుకొచ్చి తిరుగు మెయిల్లో పంపుతుందట. బొమ్మలైతే ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఇక్కడ అతికించుకోవాలి.

ఎగుమతి ఫారం ఒకటి కావాలని వెంకటసుబ్బారావు నాలుగు నెలల్లో ఢిల్లీకి మూడు రిజిస్టర్డు ఉత్తరాలు రాశాడు. షాహీదా ఇరవై నిమిషాల్లో తెప్పించింది. రావమ్మ గారు "తెలివైన పిల్లవే" అని తన టిఫిన్ డబ్బాలోంచి సగం సపోటా పండు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. పంతొమ్మిదేళ్ళలో వెంకటసుబ్బారావుకు ఆ డబ్బా మూత కూడా దక్కలేదు. ఆ రాత్రి ఇంట్లో సపోటా పళ్ళు పెడితే ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

శుక్రవారం సాయంత్రం అసలు దెబ్బ పడింది. సోమవారం నుంచి విదేశీ ఉత్తరాలన్నీ షాహీదా చూసుకుంటుందని, ఆయన కొరియర్ రసీదులు చూసుకుంటే చాలని అమ్మగారు తేల్చేశారు. అదే నోటితో, మద్రాసులో తమకు పోటీగా ఉన్న కంపెనీవాళ్ళు ఇంటర్నెట్‌లో సైటు పెట్టారట, అందులో ఏం పెట్టారో చూసేదాకా తనకు అన్నం సయించదన్నారు. సోమవారం తెప్పిస్తానంది షాహీదా. అక్కడే వెంకటసుబ్బారావుకు శనివారం కనిపించింది.

ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పెద్దగా పని లేనప్పుడల్లా ఆ అమ్మాయి వెనక నిలబడి కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ మెయిల్ పంపడం ఎప్పుడో నేర్చుకున్నాడు. తెర అంచున షాహీదా గుండ్రటి అక్షరాలతో రాసి అంటించిన చీటీ ఉంది. ఒకసారికి ఒక పేజీయే అడగాలి. ముందు సైజు అడగాలి. పాస్‌వర్డ్ ఎవరికీ రాయకూడదు. అడగని ఫైలు వస్తే తెరవకూడదు.

వెంకటసుబ్బారావు పెదవి విరిచాడు. అసలు రహస్యం దాచుకుని, పైకి నలుగుర్నీ బెదరగొట్టడానికి అంటించిన చీటీ అది. ఆయన అలాంటివాళ్ళను చాలామందిని చూశాడు. కొంతకాలం ఆయనే అలాంటివాడు.

ఉత్తరం మొదలుపెట్టాడు. రెస్పెక్టెడ్ సర్. సబ్జెక్టు. రిఫరెన్సు. తమ సంస్థ పుట్టుపూర్వోత్తరాలు ఒక పేరా. మద్రాసు కంపెనీ సైటు అడ్రసు, అందులోని సమస్త పేజీలూ బొమ్మలతో సహా దయతో పంపగలరని ప్రార్థన. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఊరికే నమ్మరు కనుక, తమది నిఖార్సైన కంపెనీ అని రూఢి చేసుకోవడానికి వీలుగా, రిజిస్టరులో రాసుకున్న పాస్‌వర్డ్ కూడా జతపరిచాడు. సరిగ్గా తొమ్మిదికి పంపాడు.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. ఆ మిషను ఆయన ఉత్తరాన్ని ఒక్కో వరుసా విడదీసి, ప్రతిదాని పక్కనా ఒకే మాట రాసింది. రెస్పెక్టెడ్ సర్: అర్థం కాలేదు. సబ్జెక్టు: అర్థం కాలేదు. సంస్థ పుట్టుపూర్వోత్తరాలు: అర్థం కాలేదు. కింద పద్నాలుగు పేజీల సూచనల పుస్తకం తగిలించింది.

వెంకటసుబ్బారావు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఇంగ్లీషు అర్థం కాలేదన్నవాడు ఇంతవరకు ఏ ఖండంలోనూ లేడు. షాహీదా ఏం రాసి పనులు చేయించుకుంటోందో చూద్దామని ఆమె పాత మెయిల్ తెరిచాడు. అందులో రెండే వరుసలు ఉన్నాయి. మొదటి వరుసలో ఒక మాట, ఒక అడ్రసు. రెండో వరుసలో ఇక చాలు అన్న అర్థమొచ్చే ఒక్క మాట. సర్ లేదు. ప్లీజ్ లేదు. కింద సంతకం లేదు. ఇంత పొగరుగా రాసిన పిల్లకు ఇరవై నిమిషాల్లో ఫారం పంపి, తనకు అర్థం కాలేదంటాడా వాడు? దీని వెనక ఏదో ఉంది. ఆ మిషను ఎవరి పక్షమో ఆయనకు తెలిసిపోయింది.

సరే అని పళ్ళు కొరికి, షాహీదా రాసిన మాటే పైన పెట్టాడు. అయితే ఒక్క పేజీ అడిగితే తన గొప్పేముంది? సూచనల పుస్తకం తిరగేసి, సైటంతా వేళ్ళతో సహా పెకలించి పంపమనే మాట పట్టుకుని అది రాశాడు. కింద మాత్రం, తాను మిస్ షాహీదా కంటే పంతొమ్మిదేళ్ళ సీనియర్‌నని ఒక వాక్యం చేర్చకుండా ఉండలేకపోయాడు.

పావుగంట చూశాడు. జవాబు లేదు. ఉత్తరానికి జవాబు రాకపోతే ఏం చేయాలో వెంకటసుబ్బారావుకు ఒకరు నేర్పనక్కర్లేదు. పాత ఉత్తరాన్ని పూర్తిగా జతచేసి ఒకటో రిమైండర్ పంపాడు. మరో పావుగంటకు రెండోది. పదింటికి మూడోది, కొంచెం ఘాటుగా. పాత ఉత్తరం జతగా వచ్చిన ప్రతిసారీ మిషను దాన్ని కొత్త కోరికగానే లెక్కవేసిందని ఆయనకు తెలియదు.

పదీ ఐదుకు ముక్కలు రావడం మొదలైంది. నూట పద్దెనిమిదిలో ఒకటో ముక్క. నూట పద్దెనిమిదిలో రెండో ముక్క. ఆయన ముఖం మతాబులా వెలిగింది. పదీ పావుకు మళ్ళీ నూట పద్దెనిమిదిలో ఒకటో ముక్క వచ్చింది. ఇంకాసేపటికి మరోసారి. నాలుగు మద్రాసు సైట్లు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ విజయవాడ వస్తున్నాయి. ఫోను లైను తెగింది. మళ్ళీ కలిపితే మొదటి ముక్క నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ తెగింది.

రావమ్మ గారు వచ్చేసరికి ఆయన పేపరు చదవడం లేదు. రెండు చేతులతో కంప్యూటరును పట్టుకుని ఉన్నాడు, బండి కింద పడుతుంటే ఆపుతున్నవాడిలా.

ఏం జరుగుతోందని ఆవిడ అడిగేలోపే ఫోను మోగింది. సింగపూర్ నాట్య అకాడమీ నుంచి ఐఎస్‌డీ కాల్. ఎనభై సెట్ల ఆర్డరు, కొలతలతో సహా మెయిల్లో పంపుతుంటే, ఇక్కడి మెయిల్ పెట్టె నిండిపోయిందని తిరిగి వచ్చేస్తోందట. కంపెనీ మూసేశారా అని అడిగారు. సాయంత్రం ఐదులోగా మెయిల్ అందినట్టు జవాబు రాకపోతే ఆర్డరు మద్రాసువాళ్ళకు ఇస్తామన్నారు.

రావమ్మ గారు ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చున్నారు. సంవత్సరానికి అలాంటి ఆర్డరు ఒకటి వస్తే గొప్ప. కింద గదిలో పదకొండు మంది దర్జీలున్నారు.

"ఏమండీ సుబ్బారావు గారూ, పెట్టెలో ఏం నింపారు?"

ఆయన నేల చూశాడు. "మద్రాసువాళ్ళ సైటమ్మా. సోమవారం దాకా మీరు అన్నం తినకుండా ఉంటారేమోనని."

"ఒక్క సైటుకే పెట్టె నిండిందా? అంత పెద్దదా వాళ్ళది?" అన్నారు రావమ్మ గారు. అంత కష్టంలోనూ ఆవిడ గొంతులో అసూయ దాగలేదు.

"నాలుగుసార్లు వచ్చిందమ్మా. రిమైండర్లు పంపాను."

షాహీదా అక్క ఇల్మా పెళ్ళి మర్నాడే. గుణదలలో వాళ్ళ పక్కింటికి ఫోను చేసి పిలిపించారు. అమ్మగారి కారు వెళ్ళి తీసుకొచ్చింది. షాహీదా రెండు చేతులూ గాల్లో ఎత్తుకుని లోపలికి వచ్చింది. వేళ్ళ కొసల నుంచి మోచేతుల దాకా పచ్చి మెహందీ.

"దేన్నీ ముట్టుకోలేను సార్. నేను చెప్తా, మీరు కొట్టండి. ముందు దాన్ని ఆపమని రాయాలి. ఒకటే మాట, స్టాప్."

వెంకటసుబ్బారావు కొట్టాడు. షాహీదా తెరలోకి వంగి చూసింది.

"ముందు కైండ్లీ ఎందుకండీ?"

"చేతికి అలవాటమ్మా."

"తీసేయండి సార్. దానికి కైండ్లీ తెలీదు."

పన్ను పీకించుకుంటున్నవాడిలా ఆయన ఆ మాట చెరిపేశాడు. స్టాప్ వెళ్ళింది. మిషను వెంటనే ఆగింది, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా. ఆయనకు అది ఇంకా మండింది.

తర్వాత షాహీదా ఆయన పంపిన ఉత్తరాలు చివరినుంచి వెనక్కి చదివింది. సీనియారిటీ వాక్యాన్ని దాటేసింది. మొదటి ఉత్తరం అడుగున మాత్రం ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "పాస్‌వర్డ్ ఎందుకు రాశారు సార్? దారిలో ఎవడు చదివినా మన పెట్టె వాడిదే. మీరు కాస్త గోడవైపు తిరగండి."

ఆయన తిరిగాడు. వెనక ఆమె చిటికెనవేలి కణుపుతో ఒక్కో మీటా నొక్కి కొత్త పాస్‌వర్డ్ పెడుతోంది. టక్, టక్. వెంకటసుబ్బారావు గోడమీది క్యాలెండరు చూస్తూ లెక్కపెట్టాడు. తొమ్మిది. పాతది ఆరు. ఇక మీదట ఆ పెట్టె లోపల ఏముంటుందో తనకు తెలియదన్న ఆలోచన ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

ఇక మిగిలింది పెట్టె. అన్ని వందల ముక్కలు ఈ లైనులో దించుకోవాలంటే సోమవారం దాకా పడుతుంది. ఈమెయిల్ కనెక్షన్ ఇచ్చిన ఆఫీసువాళ్ళే అక్కడికక్కడ ఖాళీ చేయాలి. షాహీదా చెప్పగా రావమ్మ గారు ఫోను చేశారు. శనివారం కదా, రెండింటికి కౌంటరు మూస్తారన్నారు. షాహీదా, వెంకటసుబ్బారావు కారులో పరుగెత్తారు.

అక్కడి అధికారి పేరు కృపానందం. ఆయన సీటులోనే ఉన్నాడు. షాహీదా నిలబడి రెండు ముక్కల్లో చెప్పింది.

"పెట్టె నిండిపోయిందండి. ఖాళీ చేయండి."

కృపానందం తలెత్తలేదు. "రాతపూర్వకంగా ఇవ్వాలి."

షాహీదా చేతులు అలాగే ఎత్తుకుని, అర్జెంటండి అంది. చేతులు దించమన్నాడు. దించలేనంది. అయితే సోమవారం రమ్మని ఆయన సొరుగు తాళం వేయబోయాడు.

వెంకటసుబ్బారావు ముందుకు వచ్చాడు. ఆయన లెటర్‌హెడ్ కాగితం లేకుండా బజారుకు కూడా వెళ్ళడు. నిలబడే రాశాడు. రెస్పెక్టెడ్ సర్. సబ్జెక్టు. రిఫరెన్సు. సంస్థ పుట్టుపూర్వోత్తరాలు. జరిగిన పొరపాటును, ఎవరు చేశారో తెలియకుండా, కర్మణి ప్రయోగంలో నాలుగు వరుసలు. చివరగా, తమ కార్యదక్షత గురించి విజయవాడ వ్యాపారవర్గాల్లో అందరూ చెప్పుకునేది ఈ రోజు మా అనుభవంలోకి రాగలదని ఆశిస్తున్నామని ముగించాడు. కాపీ పై అధికారికి అని కింద రాసి, అందంగా కొట్టేశాడు, కనిపించేలా.

కృపానందం చదివాడు. చివరి వాక్యం రెండోసారి చదివాడు. కళ్ళజోడు తీశాడు.

"ఈ మధ్య ఇలా రాసేవాళ్ళు లేరండీ. కూర్చోండి. ఏమయ్యా, సార్‌కి కాఫీ."

ఒక్క కాఫీ వచ్చింది. పావుగంటలో పెట్టె ఖాళీ అయింది. షాహీదా చేతులు ఎత్తుకుని గుమ్మం పక్కన నిలబడే ఉంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. వెంకటసుబ్బారావు కాఫీని ఎప్పటికంటే మెల్లగా తాగాడు.

మళ్ళీ పంపమని ఫోను చేస్తే, మూడూ నలభైకి సింగపూర్ మెయిల్ వచ్చింది. నాలుగింటికి జవాబు వెళ్ళింది. షాహీదా చెప్పింది, ఆయన కొట్టాడు, మూడు వరుసలు. రావమ్మ గారు ఊపిరి పీల్చుకుని, మద్రాసు సైటులో కనీసం ఒక్క బొమ్మయినా మిగిలిందా అని అడిగారు. అన్నీ పోయాయంది షాహీదా. ఆవిడ ముఖం చిన్నబోయింది. సోమవారం షాహీదా తెప్పిస్తుందని, ఒక్క పేజీ చాలని అన్నారు. విదేశీ ఉత్తరాల సంగతిలో మాట మారదన్నారు. కాకపోతే ఊళ్ళో ఏ ఆఫీసుకు ఏ కాగితం రాయాలన్నా సుబ్బారావు గారే రాస్తారని, ఇంకెవరూ చేయి పెట్టవద్దని షాహీదా ఎదుటే చెప్పారు.

షాహీదా మొదటిసారి ఆయన వైపు కాస్త వేరుగా చూసింది. వెంకటసుబ్బారావు ఆ చూపును గుర్తుపట్టాడు. జనవరి నుంచి అద్దంలో రోజూ చూస్తున్నదే అది.

"సార్," అంది మెట్లు దిగుతూ, "ఆ కృపానందం గారికి రాసిన లెటరు నాకూ నేర్పిస్తారా? మిషన్లతో అయితే నాకు ఫరవాలేదు. మనుషులే వినట్లేదు."

"దానికేం భాగ్యం తల్లీ," అన్నాడు వెంకటసుబ్బారావు.

పెళ్ళి అయ్యాక వారం రోజులు కూర్చోబెట్టి, రెస్పెక్టెడ్ సర్ దగ్గర నుంచి ఓపిగ్గా అన్నీ నేర్పాడు, చివరి వాక్యం తప్ప.