నిషేధం తిని బలిసిన చేప

ఏదన్న మంచిగ పెరగాల్నంటే దాన్ని సర్కారు నిషేధించాలె! ఎరువు అక్కర్లే, కరెంటు అక్కర్లే, ఒక్క నిషేధం చాలు.

గడ్డిమందు వద్దన్నరు. ఇప్పుడు దుకాణంల అడగకముందే సంచిల ఏసిస్తున్నరు! అనుమతి లేని పత్తి గింజ వద్దన్నరు. అది అనుమతి ఉన్నదానికంటె ముందే మొలుస్తున్నది! ఇంతకంటె అభివృద్ధి ఏం గావాలె?

నమ్మరా? అయితే మా ఆశీర్వాదం సంగతి ఇనుండ్రి.

అమరచింత దగ్గర మా ఊరు. ఆశీర్వాదం బొంబాయిల కూలి పని ఇడిసిపెట్టి వచ్చి, పొలంల కుంట తవ్విండు. యాడికెల్లో డ్రమ్ములల్ల మీసాల చేప పిల్లలు తెచ్చి ఇడిసిండు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్!

"అరే, అది నిషేధం చేప గాదా?" అన్న.

"మంచిగ పెరుగుతదనే గదనే నిషేధించిండ్రు!" అన్నడు.

ఎంత లోతైన ఆలోచన!

ఇగ ఆ చేపలు! చికెన్ సెంటర్ల మిగిలింది తిన్నయి, పాసిపోయిన అన్నం తిన్నయి, కప్పలను తిన్నయి. కుంటల ఈతకు దిగిన బాతు పిల్లలు మళ్ల ఒడ్డుకు రాలే. నా చెప్పు జారి పడితే దాన్ని గూడ ఇడిసిపెట్టలే. వాటి మీసాలు చూసి మా ఊరి మొగోళ్లు సిగ్గుతోని మీసాలు గీసుకునుడు బంద్ జేసిండ్రు!

ఒకనాడు జీపు వచ్చింది. ఆఫీసరు సారు కుంటకు జర దూరంగనే నిలబడి, "ఇవి పరాయి జీవులు. మన చేపలను మింగేస్తయి. అన్నిటినీ నాశనం జెయ్యాలె" అన్నడు.

ఆశీర్వాదం చేతులు జోడించిండు. "ఇప్పుడే చేస్త సార్. ఎట్ల జెయ్యాలె?"

"దానికి కమిటీ వస్తది. అప్పటిదాంక ముట్టొద్దు. కేసుల ఉన్న చేప సస్తే నీదే బాధ్యత!"

సూసిండ్రా, ఎంత దయ! పాపం ఆశీర్వాదం వాటిని కొత్త అల్లుని లెక్క సాకిండు. మూడు పూటలా మేపిండు. కమిటీ రాలే. వాన మాత్రం వచ్చింది.

వానకు కుంట కట్ట తెగింది. చేపలన్ని కింద ఉన్న ఊరి చెరువుల వడ్డయి.

సారు మళ్ల వచ్చిండు. ఖాళీ కుంట సూసి మురిసిపోయిండు. "నిర్మూలన పూర్తి!" అని ఆశీర్వాదంతోని ఫొటో దిగి, కేసు మూసేసిండు. కమిటీ చెయ్యలేని పని ఒక్క వాన చేసింది! ఇగ వానలకు గూడ ప్రమోషన్ ఇయ్యాలె!

ఆ చెరువుల ఎంకమ్మ పెండ్లయి వచ్చినకాడికెల్లి వల ఏస్తది. మునుపు పరకలు, జెల్లలు, కొర్రమట్టలు పడేటివి. ఇప్పుడు వల గుంజితే మీసాలే! ఇంకో చేప లేదు. వల గూడ చినిగింది. ఏం జేస్తది? పడినవే గంపల ఏసుకొని అంగట్ల కూసున్నది.

టక్కున జీపు ఆగింది.

"నిషేధించిన చేప అమ్ముతవా?" అని సారు గరమైండు. ఈసారి కమిటీ ఊసే లేదు! గుంత తవ్విండ్రు, చేపలు కుమ్మరించిండ్రు, బ్లీచింగ్ పౌడర్ చల్లిండ్రు. ఫొటో గూడ అయింది. ఎంత వేగం! చప్పట్లు కొడదామని చేతులెత్తిన.

అప్పుడు ఎంకమ్మ అడిగింది: "సార్, చెరువు నిండ గవే ఉన్నయి. మా చేపలన్నిటిని తినవట్టె. జర వాటిని గూడ పట్టుకపోరాదుండ్రి?"

"చెరువు మా పరిధిల రాదమ్మా."

"మరి నా గంప వస్తదా సార్?"

నా చేతులు కిందికి దిగినయి. సారు ఆమె చేతుల ఖాళీ గంప సూసిండు. అంటు ఉంటదేమోనని దాన్ని గూడ గుంజుకొని గుంతల ఏయించిండు.