దేవిదాస్ టాంకీ నిండదు

ఆ రోజు పొద్దున దేవిదాస్ మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, మధ్యాహ్నం బిచ్కుంద నుంచి వచ్చే కిషన్‌లాల్ సేటుకు చాయ్ తాగించి, ఇంటి పెరట్లో నిలబెట్టి, "సేటూ, నీ కాళ్ల కిందనే సెప్టిక్ టాంకీ ఉన్నది. వాసనొస్తుందా?" అని అడగాలి. రావడం లేదని సేటు అంటాడు. అంతే, సేటు కట్టిస్తున్న పెద్ద ఫంక్షన్ హాలు ట్యాంక్ పని తన చేతికి వచ్చినట్టే. ఇన్నాళ్లూ ఇళ్ల వెనుక గుంతలు తవ్వించి బతికిన మనిషికి అంత పెద్ద పని ఎన్నడూ తగల్లేదు. ఆ సంబరంలో అతనికి రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు.

బాన్సువాడలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు దేవిదాస్ టాంకీ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. దాని గొప్పంతా మూత లేకపోవడంలో ఉంది. మూత ఉంటేనే కదా వాసనా, దోమలూ అంటాడతను. పైన స్లాబు పోసి, సిమెంటుతో గిలాబు చేసి, దాని మీద బండలు పరిచేస్తాడు. మరి నిండితే ఎలా అని ఎవరైనా అడిగితే జవాబు నోట్లో తయారుగా ఉంటుంది. "దేవిదాస్ టాంకీ నిండది. నిండిందంటే తప్పు టాంకీది కాదు, ఇంటోళ్లది." ఇక రెండో ప్రశ్న వేసే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? తమ ఇంట్లో ఏదో తప్పుందని బజారుకెక్కి చెప్పుకోవాలని ఎవరికుంటుంది?

తలంటు సగంలో ఉండగా నీళ్లు కిందికి దిగడం మానేశాయి. పక్కనే ఉన్న లెట్రీన్‌లోంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. పోస్తున్న నీళ్లు పోకపోగా, ఎప్పుడో పోయిన నీళ్లు కూడా తిరుగుముఖం పట్టాయి. భార్య సత్యమ్మ వచ్చి తొంగి చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"టాంకీ నిండిందయ్యా."

"నిండలే. జర జామ్ అయ్యింది."

"నిండితే తప్పు ఇంటోళ్లది అంటవు కద. ఇంట్ల ఉన్నది మనమిద్దరమే. తప్పు నీదా, నాదా?"

కుంకుడు నురుగుతోనే దేవిదాస్ ఫోన్ అందుకున్నాడు. ఊళ్లో టాంకీలు ఖాళీ చేసే బండి ఉంది కానీ, దాన్ని పిలిస్తే సేటు వచ్చేలోపు ఊరంతా తెలిసిపోతుంది. అందుకని రుద్రూర్‌లో ట్యాంకర్ నడిపే ఇర్షాద్‌ను పట్టుకున్నాడు. బండి మీద టార్పాలిన్ కప్పుకొని రమ్మనీ, ఎవరడిగినా ఎవరింటికో చెప్పొద్దనీ బతిమాలాడు. ఇర్షాద్ ఆశ్చర్యపోలేదు సరికదా, "గట్లనే వస్త మేస్త్రీ సాబ్. మీ ఊరికి కప్పుకొని వచ్చుడు నాకలవాటే" అన్నాడు. ఆ కంగారులో దేవిదాస్‌కు ఈ మాట చెవికెక్కలేదు.

బండి వచ్చేలోపు స్లాబు పగలగొట్టి ఉంచాలి. అక్కడే అసలు చిక్కు వచ్చి పడింది. ఊరందరి ట్యాంకులూ కట్టిన మేస్త్రీకి తన ట్యాంక్ ఎక్కడుందో గుర్తు లేదు. ఆ మధ్య పెరడు ఎత్తు చేయాలని మొరం మట్టి పోయించి చదును చేయించాడు. అప్పుడు గుర్తు పెట్టుకోవలసింది, పెట్టుకోలేదు. నిండని ట్యాంక్‌తో ఇక పనేముందిలే అనుకున్నాడు పాపం, తన మాట తానే నమ్మి.

పక్కింటివాళ్లు చూడకుండా పెరటి చుట్టూ తాళ్లు కట్టి దుప్పట్లూ చీరలూ వేలాడదీశాడు. గడ్డపార ఎత్తేసరికి సత్యమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు అమావాస్య. అమాసనాడు ఊరికే భూమిలో గడ్డపార దించితే ఇంటికి మంచిది కాదని ఆమె పట్టు. నిమ్మకాయ కోసి కుంకుమ అద్దింది, నాలుగు మూలలా పసుపు చల్లింది, కొబ్బరికాయ కొట్టింది, ఊదుబత్తీలు కట్టకు కట్ట వెలిగించింది. అందులో సగం భూమాత కోసం, సగం వాసన కోసం. దేవిదాస్ దండం పెట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

దుప్పట్లు చుట్టూ కట్టాడు గానీ పైన కట్టలేదు. పక్కింటి డాబా మీద మిరపకాయలు ఎండబెడుతున్న బద్రున్నీసాకు అమావాస్య, నిమ్మకాయలు, పసుపు, పరదాలు, మధ్యలో గొయ్యి అన్నీ ఒకేసారి కనబడ్డాయి. ఏం తవ్వుతున్నారని సత్యమ్మను అడిగింది. చెట్టు పెడుతున్నామని దేవిదాస్ అందుకున్నాడు. ఏం చెట్టని ఆమె అడిగేసరికి మొగుడు జామ అన్నాడు, పెళ్లాం మామిడి అంది, రెండూ ఒక్కసారే. సరిగ్గా అప్పుడే గడ్డపార ఇనుప పైపుకు తగిలి ఖంగుమంది. బద్రున్నీసా మిరపకాయలను ఎండకే వదిలేసి గబగబా మెట్లు దిగింది.

ఆమె భర్త అమీర్ పాషాది బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్. వార్తకు అంతకంటే మంచి చోటు దొరకదు. హోటల్లో మొదటి చాయ్ అయ్యేసరికి దేవిదాస్ పెరట్లో ఒక బిందె బయటపడింది. రెండో చాయ్‌కు అవి గొలుసు వేసిన లంకెబిందెలయ్యాయి. బిస్కెట్ల డబ్బా ఖాళీ అయ్యేసరికి వాటి మీద ఒక పాము పడగ విప్పింది. పాము పొడుగు మీద మాత్రం కొంచెం వాదన జరిగింది.

దేవిదాస్ రెండో గొయ్యి కూడా దండగని తేల్చుకునేసరికి, గోడ అవతల జనం పోగయ్యారు. వాళ్లను తోసుకుంటూ తమ్ముడు ఆశన్న వచ్చాడు, సొంత గడ్డపార భుజాన వేసుకుని.

"అన్నా, నాయిన పోయినంక భూమి మీదున్నది పంచుకున్నం. కిందున్నది పంచుకోలే."

దేవిదాస్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆశన్నకు రహస్యం చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే. ప్రాణం విసిగి, "కిందున్నదంత నువ్వే తీస్కపోరా, నాకేం వద్దు" అన్నాడు. ఆ మాటతో ఆశన్నకు అనుమానం ఇంకా ముదిరింది. అన్న అంతా ఇస్తానంటున్నాడంటే ఇంతకంటే పెద్దది ఇంకెక్కడో దాచాడన్నమాట. చొక్కా విప్పి, అన్న తవ్వని మూల చూసుకుని మరీ తవ్వాడు. చూస్తూ ఉండగానే అతని గడ్డపార కింద సిమెంటు స్లాబు బయటపడింది. "బండ తగిలింది" అని అతను అరిచిన అరుపుకు గోడ అవతల ఈలలు వేశారు. దేవిదాస్‌కు మాత్రం ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఇన్ని రోజులూ ఏ పనికీ రాని తమ్ముడు తన ట్యాంక్‌ను కనిపెట్టాడు.

ఇంతలో టార్పాలిన్ కప్పుకున్న బండి మెల్లగా వీధి మలుపు తిరిగింది. బంగారం ఎత్తుకుపోయే లారీ వచ్చిందన్నారు జనం. అడ్డంగా నిలబడి బండి ఆపేశారు. ఎవరు ఫోన్ చేశారో ఏమో, వెనకే ఎస్సై జీపు దిగింది. ఆ జీపు వెనక ఆగిన తెల్లకారులోంచి, చెప్పిన వేళకంటే ముందే, కిషన్‌లాల్ సేటు తెల్లటి బట్టల్లో దిగాడు. పోలీసులను చూసిన భయం కంటే ఆ తెల్లబట్టలను చూసిన భయమే దేవిదాస్‌కు ఎక్కువైంది.

దొరికిన నిధి సర్కారుదనీ, దొంగతనంగా తవ్వడం నేరమనీ ఎస్సై గట్టిగా చెప్పాడు. లోపల ఏముందో నిజం చెప్పకపోతే స్టేషన్‌కు నడవమన్నాడు. దేవిదాస్ సేటు వైపు ఒకసారి చూశాడు, కళ్లు మూసుకున్నాడు, చెప్పేశాడు.

"లంకెబిందెలు కాదు సారూ. సెప్టిక్ టాంకీ నిండింది."

జనం గొల్లున నవ్వారు. ఒక్కడంటే ఒక్కడు నమ్మితే ఒట్టు. అమీర్ పాషా అయితే ముందుకొచ్చి సాక్ష్యమే చెప్పాడు.

"గిది బహానా సార్. నా ఇంట్ల గూడ దేవిదాస్ అన్న టాంకీయే ఉన్నది. ఇన్నేండ్లాయె, నిండుడన్న ముచ్చటనే లేదు."

మా ఇంట్లో కూడా నిండలేదని ఇంకొకరు అన్నారు. మా ఇంట్లో కూడా అని వీధి వీధంతా అంది. దేవిదాస్‌కు ఒళ్లు పులకరించింది. ఎన్నేళ్ల నుంచో వినాలనుకున్న మాట, అదీ కిషన్‌లాల్ సేటు నిలబడి వింటుండగా, సేటు మెచ్చుకోలుగా తల ఊపుతుండగా! నోరు మూసుకుని స్టేషన్‌కు పోతే పోలేదా, పేరు నిలుస్తుంది, పని దక్కుతుంది అని కూడా అనిపించింది. జీపు వైపు రెండడుగులు వేశాడు.

"నువ్వు టేషన్‌కు పోతవు" అంది సత్యమ్మ వెనకనుంచి. "నేను లెట్రీన్‌కు యాడికి పోవాలె?"

ఎస్సై ఆమె మాట పట్టించుకోకుండా, ముందు బండిని జప్తు చేయమని కానిస్టేబుల్‌కు చెప్పాడు. బండి పేరెత్తేసరికి ఇర్షాద్ తలుపు తీశాడు. కిందికి దూకి, టార్పాలిన్ లాగి అవతల పారేశాడు. నీలం ట్యాంకరూ, చుట్ట చుట్టిన పైపూ బయటపడ్డాయి.

"సార్, నేను ఖాళీ చేసేటోన్ని. గీ గల్లీకి కొత్తగ వస్తున్ననా? పాషాభాయ్ ఇంట్ల రంజాన్ ముంగట స్లాబు పగలగొట్టి ఖాళీ చేసిన, మళ్ల గిలాబు కొట్టిచ్చిన. గా పచ్చ గేటోళ్లయి రెండుసార్లు. అందరూ ఎవలకు చెప్పకు అన్నోళ్లే. గందుకే కదా సార్ గీ టార్పాలిన్ కొన్నది."

అమీర్ పాషా ఆకాశంలో మబ్బులు ఎటు పోతున్నాయో చూడసాగాడు. బద్రున్నీసా అతని మోచేతి మీద పొడిచి, "మా అక్కోళ్లు వచ్చి శాన రోజులున్నరు, తప్పు వాళ్లదే అంటివి కద" అంది. పచ్చ గేటాయన తమ ఇంటి తప్పు కోడలిదనుకున్నాడట. ఆ కోడలు అక్కడే ఉంది. ఆ తర్వాత అక్కడ జరిగిన సంభాషణ రాయడం కుదరదు గానీ, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇన్నేళ్లూ ఆ నింద మోశారనీ, అందరూ ఇప్పుడు దేవిదాస్ కోసమే వెతుకుతున్నారనీ చెప్తే చాలు.

ఈ గొడవేదీ ఆశన్న చెవిన పడలేదు. అతను తన వాటా కోసం స్లాబు మీద ఆఖరి దెబ్బ వేశాడు. స్లాబు పగిలింది.

ఆ తర్వాత ఎవరూ సాక్ష్యం అడగలేదు. వాసన గోడ దాటి, వీధి దాటి, జీపుదాకా వచ్చింది. జనం చెప్పులు వదిలేసి పరుగెత్తారు. దగ్గరికి పోవద్దు, లోపల గ్యాసుంటుందని ఇర్షాద్ కేక వేసి ఆశన్నను రెక్క పట్టి ఇవతలికి లాగాడు. ఎస్సై జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, సర్కారుకు దీనిలో ఏ వాటా అక్కర్లేదని చెప్పి జీపెక్కాడు. నీ వాటా తీసుకోరా అని సత్యమ్మ మరిదికి బకెట్ చూపించింది.

పైపు దించి ఇర్షాద్ పని మొదలుపెట్టాక, దేవిదాస్ ఉత్త బనీనుతో, బురద కాళ్లతో సేటు ముందు నిలబడ్డాడు. పేరు పోయింది, పని పోయింది. తలెత్తి చూడబుద్ధి కాలేదు. సేటు మాత్రం కారుకు ఆనుకుని కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు.

"టాంకీ వేరే మేస్త్రీతోని కట్టిస్త. మూత పెట్టిస్త" అన్నాడు సేటు. "నువ్వు హాల్ చూసుకో. మేనేజర్‌గ ఉండు."

"నేనా సేటూ?"

"నిండిన టాంకీల మీద ఊరినంత కూసోబెట్టి, గిన్నేండ్లు ఎవలతోని ఒక్క మాట అనిపియ్యలే. పెండ్లోళ్లను సప్పుడు చెయ్యకుండ ఊకుంచుడు నీకొక పనా?"

ఇప్పుడు ఆ వీధిలో ప్రతి ట్యాంక్‌కూ మూత ఉంది. అన్నీ దేవిదాస్ చేతే, పైసా ఇవ్వకుండా పెట్టించారు. ఇర్షాద్ టార్పాలిన్ లేకుండా, హారన్ కొట్టుకుంటూ వస్తున్నాడు. ఫంక్షన్ హాలు కూడా బాగా నడుస్తోంది. భోజనాలు సరిపోతాయా అని పెళ్లివాళ్లు అడిగితే, మేనేజర్ దేవిదాస్ ఇస్త్రీ చొక్కా సవరించుకుని, మా హాల్లో అన్నం ఎన్నడూ తక్కువ పడదనీ, పడితే తప్పు హాలుది కాదు, చుట్టాలదనీ చెప్తున్నాడు.