కోరయ్య గారి కొత్త వ్యాను

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఇవతలి కొండవాలున, ఒక అడవిపంది కుటుంబం కాపురముండేది. ఇంటి యజమాని కోరయ్య. తన కోరలు అడవిలో అందరి కోరల కంటే పొడుగని ఆయన నమ్మకం. భార్య ముస్తమ్మ. తల్లి గడ్డలమ్మ. పిల్లలు డజను మంది. అందరిలోకీ ఆఖరివాడు చిక్కుడు. వాడు పుట్టడమే గుప్పెడంత పుట్టాడు, ఆ తర్వాత కూడా పెద్దగా పెరిగింది లేదు.

ఇంటి వెనకాలే వాళ్లకు సొంత బురదగుంట ఉండేది. తాతలనాటిది. పందికి బురదంటే మురికి కాదు, ఒంటి మీద చొక్కా. అదుంటే ఎండ తగలదు, ఈగ వాలదు. కాకపోతే నడి ఎండాకాలంలో ఆ గుంట అడుగంటిపోయేది. అప్పుడు కనుమ దాటి ఏటి ఒడ్డుకు వెళ్లి, తొలకరి పడేదాకా అక్కడే ఉండాలి.

కిందటేడు ఆ కనుమ ఎక్కుతూ గడ్డలమ్మ దారిలో కూలబడిపోయింది. చిక్కుడు కళ్లు తేలేశాడు. ముస్తమ్మ వాణ్ణి నోట కరుచుకుని, అత్తగారిని వెనకనుంచి తలతో నెట్టుకుంటూ కొండ ఎక్కింది. ఏట్లో దిగాక కూడా ఆమె కాళ్ల వణుకు తగ్గలేదు.

అందుకే ఈ ఏడు చలి పూర్తిగా పోకముందే మొగుడి దగ్గర మాటెత్తింది.

"ఏవండీ, అడవిలో అందరూ వ్యాన్లు కొంటున్నారు. మనమూ ఒకటి తీసుకుందాం. అత్తయ్య ఎక్కగలగాలి, పిల్లలందరూ పట్టాలి. అంతకంటే నాకేం అక్కర్లేదు."

కోరయ్య చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నట్టు కనిపించడం ఆయనకు బాగా వచ్చు.

"వ్యాను కొనడమంటే దుంప తవ్వడం అనుకున్నావటే? దేనికైనా ఒక పద్ధతి ఉండాలి," అన్నాడు.

పద్ధతి ప్రకారం కుటుంబ మండలి ఏర్పడింది. కోరయ్య దానికి అధ్యక్షుడు. సలహాదారుగా ఎలుగుబంటి జాంబయ్య గారిని పిలిపించారు. జాంబయ్య గారికి వ్యాను లేదు. నడపడమూ రాదు. అయినా ఆయన్ని అడక్కుండా ఆ అడవిలో ఎవరూ బండి కొనరు. టైరును కాలితో తన్ని, తల పంకించి, "ఊఁ" అనే ఆయన తీరు అలాంటిది మరి.

మొదటి సమావేశమంతా రంగు గురించే నడిచింది. రెండో సమావేశంలో, మొదటి సమావేశంలో తేల్చిన రంగు తప్పని తేల్చారు. మూడోసారి హారను గురించి పిల్లలు కొట్టుకున్నారు. నాలుగోసారి ముస్తమ్మ ధైర్యం చేసి నోరు తెరిచింది.

"మెట్టు ఎంత ఎత్తులో ఉంటుందో కూడా చూడాలి కదండీ. అత్తయ్య మోకాళ్లు..."

"అది సాంకేతిక విషయం చెల్లెమ్మా. సాంకేతిక విషయాలు చివర్లో చూస్తాం," అన్నారు జాంబయ్య గారు, ఆవిడ పెట్టిన దుంపలు నములుతూ.

ఆ చివర ఎన్నటికీ రాలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే బయట హారను మోగింది. పక్కింటి ఏదుపంది సూదయ్య తన వ్యానులో వాళ్ల గుమ్మం ముందునుంచి వెళుతున్నాడు. అతనికి అటువైపు పనేమీ ఉండదు. రోజూ సాయంత్రం ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతాడు. అతని ముళ్లు గుచ్చుకుని సీట్లన్నీ జల్లెడలయ్యాయి. అయితేనేం, వ్యాను వ్యానే.

కోరయ్య ఆ దుమ్ము వంక చూసి లేచి నిలబడ్డాడు. "రేపే షోరూముకు వెళుతున్నాం," అన్నాడు. మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది.

షోరూము అడవి అంచున, పెద్ద రోడ్డు పక్కన ఉంది. దాన్ని నడిపేది నక్క రంగప్రసాద్. గుమ్మంలోనే ఎదురొచ్చి, గడ్డలమ్మ కాళ్లకు దండం పెట్టాడు.

ముస్తమ్మ కళ్లు తిన్నగా ఒక మూలకు పోయాయి. అక్కడ పొడుగాటి వ్యాను ఒకటి ఉంది. మెట్టు నేలకు ఆనుకున్నట్టుంది. తలుపు వెడల్పు. లోపల ఉత్త చెక్క బల్లలు.

"ఏవండీ, ఇందులో మనందరం పడతాం," అంది.

రంగప్రసాద్ గొంతు తగ్గించాడు. "అది కుందేళ్ల బడివాళ్లు తీసుకుంటారు మేడమ్. అమ్మడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ రేపు సార్ అందులోంచి దిగుతుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

కోరయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ తర్వాత ఆయన ఆ మూలకు చూడలేదు.

నడిమధ్యన దీపాల కింద ఇంకో వ్యాను మెరుస్తోంది. కోరయ్య దాని చుట్టూ తిరిగాడు. జాంబయ్య గారు టైరును తన్ని "ఊఁ" అన్నారు.

"దీని పైకప్పు అద్దమా? సూదయ్య బండికి ఇది ఉందా?" అడిగాడు కోరయ్య.

"లేదు సార్."

"హారను పాట పాడుతుందా?"

"రకరకాలుగా పాడుతుంది సార్. సూదయ్య గారిది ఊరికే అరుస్తుంది."

"సీట్లు?"

"వాటంతటవే చల్లబడతాయి సార్. సూదయ్య గారివి వాటంతటవే చిరుగుతాయి."

అందరూ విరగబడి నవ్వారు. కోరయ్య ముఖం వెలిగిపోయింది. ఈ అడవిలో తనను అర్థం చేసుకున్నవాడు ఇన్నాళ్లకు ఒక్కడు దొరికాడు.

గడ్డలమ్మ మాత్రం అద్దం కప్పు వైపు చూడబోయి, చూడలేక ఊరుకుంది. "ఒరే కోరిగా, మన పందులకు మెడ పైకి లేవదు కదరా. ఆ అద్దంలోంచి ఏం చూస్తాం?"

"మనం చూడ్డానికి కాదమ్మా. మనకుందని వాళ్లు చూడ్డానికి."

"ఎంతమంది ఎక్కొచ్చండీ?" అడిగింది ముస్తమ్మ.

"ఏడుగురు మేడమ్. మహారాజుల్లా."

"మేం పదిహేనుమందిమి."

"కుటుంబమంటేనే సర్దుకుపోవడం కదా మేడమ్! ఒకసారి ముందు సీట్లో కూర్చోండి, మీకే తెలుస్తుంది."

ముస్తమ్మ కష్టపడి ఎక్కి కూర్చుంది. రంగప్రసాద్ దగ్గర పనిచేసే నెమలి ఒకటి వచ్చి, పైనున్న చిన్న రేకును కిందికి లాగింది. లోపల అద్దం. దాని చుట్టూ దీపాలు.

ముస్తమ్మ పుట్టిన దగ్గర్నుంచీ తన ముఖాన్ని కదిలే బురద నీళ్లలో తప్ప చూసుకోలేదు. "కనురెప్పలు ఎంత పొడుగండీ మీవి! వ్యాపారంలో ఇంతమందిని చూశాను గానీ..." అంది నెమలి. ముస్తమ్మ తల అటు తిప్పి చూసుకుంది, ఇటు తిప్పి చూసుకుంది. మెట్టు ఎత్తు సంగతి, పదిహేనుమంది సంగతి ఆ దీపాల వెలుగులో ఎటో పోయాయి.

తర్వాత్తర్వాత ఆ క్షణం ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయింది.

"బదులుకు ఇవ్వడానికి పాతదేమైనా ఉందా సార్?" అడిగాడు రంగప్రసాద్.

"మాకు పాత బండి లేదే."

"బండే కానక్కర్లేదు సార్. మీ ఇంటి వెనక ఏదో బురదగుంట ఉందట కదా. ఇంత బండి ఉన్నవాళ్లు ఇంకా బురదలో దొర్లుతారా?"

కోరయ్య గంభీరంగా నవ్వి, "మా నాన్నగారి కాలంలో దొర్లేవాళ్లు," అన్నాడు. ఆయన నిన్న పొద్దున కూడా దొర్లాడు.

గుంట రంగప్రసాద్ చేతికి పోయింది, వ్యాను ఇంటికొచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ దిష్టి తీశారు. పగిలిన ముక్కల్ని పిల్లలు నేల మీద పడనివ్వలేదు. సూదయ్య ఆ సాయంత్రం అటు రాలేదు. కోరయ్యకు కడుపు నిండిపోయింది.

మర్నాటి నుంచి నియమాలు మొదలయ్యాయి. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు తియ్యకూడదు. కవరు మీద కూర్చోకూడదు, చిరుగుతుంది. బురద ఒంటితో ఎవరూ దరిదాపులకు రాకూడదు. బురద పూసుకుందామన్నా గుంట లేదు. రంగప్రసాద్ దాని చుట్టూ కంచె వేయించి, 'వాహనములు కడుగు స్థలము' అని బోర్డు పెట్టాడు. కోరయ్య వారం వారం వ్యానును అక్కడికి తీసుకెళ్లి, తమ గుంట నీళ్లతోనే కడిగించుకుని, కడిగినందుకు దుంపలు ఇచ్చి వచ్చేవాడు.

వ్యాను నిగనిగలాడింది. చొక్కా లేని పిల్లల వీపుల మీద ఈగలు ముసిరాయి. గడ్డలమ్మ చర్మం ఎండకు బీటలు వారింది. ముస్తమ్మ రాత్రుళ్లు ఆకులు నమిలి ఆ పగుళ్ల మీద పూసేది.

"బండి బాగుందే అమ్మాయ్," అనేది గడ్డలమ్మ, పళ్లు బిగబట్టి. "వాడి సరదా వాడిది."

ఎండలు ముదిరాయి. ఏటికి వెళ్లే రోజు వచ్చింది.

కోరయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. సలహా అవసరపడవచ్చని జాంబయ్య గారు పక్కన కూర్చున్నారు. వెనక సీట్ల నిండా వ్యాను తుడిచే గుడ్డలు, వ్యానును కడిగే బాల్చీలు, వ్యాను మీద కప్పే ముసుగు సర్దారు.

గడ్డలమ్మ మెట్టు మీద కాలు పెట్టబోయింది. అందలేదు. ముస్తమ్మ వెనకనుంచి ఎత్తింది. అయినా అందలేదు.

"నేను నడుస్తాలేరా. అలవాటేగా," అంది ముసలమ్మ.

"పోనీ చిక్కుణ్ణి ఒక్కణ్ణీ కాళ్ల దగ్గర కూర్చోబెడతానండీ. శుభ్రంగా కడిగాను, ఒంటి మీద చుక్క బురద లేదు."

"గిట్టలున్నాయి కదే వాడికి!" అన్నాడు కోరయ్య, అడక్కూడనిది అడిగినట్టు.

వ్యాను కదిలింది. కుటుంబం దాని దుమ్ములో వెనకాల నడిచింది.

కనుమ సగం ఎక్కాక వ్యాను మూలిగింది. వణికింది. ఆగింది. కోరయ్య కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అందరూ దిగి కాస్త నెట్టండి!" అని, అసలు ఎక్కనివాళ్లను కేకేశాడు.

నెట్టారు. పిల్లలు ముట్టెలు ఆనించి నెట్టారు. గడ్డలమ్మ బీటలు వారిన భుజం ఆనించి నెట్టింది. హారను పాట పాడింది. జాంబయ్య గారు పంజా బయట పెట్టి, "ఎడమవైపు గట్టిగా! కుడివైపు బద్ధకంగా ఉన్నారు!" అని సలహాలిచ్చారు. వ్యాను బెత్తెడు కదిలి, ఆగి, మళ్లీ బెత్తెడు కదిలేది.

చిక్కుడు చప్పుడు లేకుండా పక్కకు ఒరిగిపోయాడు.

ముస్తమ్మ కిటికీ దగ్గరకు పరుగెత్తింది. "తలుపు తియ్యండి. పిల్లాడు పడిపోయాడు. లోపల చల్లగా ఉంటుందన్నారుగా, కాసేపు పడుకోబెడతాను."

"తీస్తానే, తీస్తాను. కంగారు పెట్టకు," అన్నాడు కోరయ్య. "ముందు వాడి కాళ్లు తుడిచావా? కవరు కొత్తదే..."

ముస్తమ్మ ఆయన్ని ఒక్కసారి చూసింది. అద్దంలో తన కనురెప్పలు చూసుకున్న ఆడది అరవడానికి ఏ ముఖం పెట్టుకుంటుంది అనుకుంది. వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా, నెట్టింది చాలు, రండి. పిల్లలూ, బండి వదిలేసి నానమ్మకు ఆసరా పట్టండి," అంది. చిక్కుణ్ణి నోట కరుచుకుని ముందుకు నడిచింది.

పిల్లలు ఒక్కొక్కరే ముట్టె తీశారు. అందరికంటే ఆఖర్న గడ్డలమ్మ భుజం తీసింది. "జాగ్రత్తరా కోరిగా," అని, మనవల మధ్య ఒరిగి, మెల్లగా కదిలింది. ముందున్నది కొండ ఒక్కటే. వ్యాను లేని కొండ అంత కష్టంగా అనిపించలేదు.

వెనక వ్యాను జారడం మొదలుపెట్టింది. కోరయ్య బ్రేకు తొక్కాడు. పక్కనున్న హ్యాండ్ బ్రేకు లాగితే అది ఊడి చేతికొచ్చింది.

"జాంబయ్య గారూ, టైరు వెనకాల రాయి పెట్టండి!"

జాంబయ్య గారు దిగి ఒక రాయి ఎత్తారు.

"అయ్యో, అది కాదండీ! గరుకుగా ఉంది, కొత్త టైరు కోసుకుపోతుంది. నున్నటిది చూడండి."

జాంబయ్య గారు నున్నటి రాయి వెతుకుతూ పొదల్లోకి వెళ్లారు. అక్కడ ఆయనకు తేనెపట్టు కనిపించింది. మళ్లీ రాలేదు.

పొద్దువాలే వేళకు ముస్తమ్మ ఏటి ఒడ్డు చేరింది. చిక్కుణ్ణి తడి బురదలో మెడదాకా పడుకోబెట్టి, పక్కనే కూర్చుంది. కాసేపటికి వాడు తుమ్మాడు. కళ్లు తెరిచి, "అమ్మా, ఆకలి," అన్నాడు. గడ్డలమ్మ అప్పటికే బురదలో వెల్లకిలా పడి, ఆకాశం చూస్తోంది. పందికి ఆకాశం అలాగే కనిపిస్తుంది.

కనుమ మీద కోరయ్య బ్రేకు మీద కాలు పెట్టి కూర్చునే ఉన్నాడు. కాలు తీస్తే వ్యాను లోయలోకి పోతుంది. రాయి పెడితే టైరు పోతుంది. దిగితే పరువు పోతుంది. ఏటికి వెళ్లే జంతువులన్నీ ఆ పక్కనుంచే పోతున్నాయి.

"ఏం కోరయ్య గారూ, ఇక్కడ ఆపారేం?"

"గాలి బాగుందని," అని ఆయన చెయ్యి ఊపేవాడు. కాలు తిమ్మిరెక్కి కళ్లలో నీళ్లు తిరిగితే, అవి ఆనందబాష్పాలనుకున్నారు చూసినవాళ్లు. రోజూ పెద్దపిల్ల దుంపలు తెచ్చి, కవరు మీద మన్ను పడకుండా కిటికీలోంచి అందించి పోయేది.

సూదయ్య తన వ్యాను ఆపి, ఆ వైభోగమంతా తేరిపార చూశాడు. ఏటికి పోవడం మానేసి, అటునుంచి అటే షోరూముకు వెళ్లాడు. ఇంతకంటే పెద్ద అద్దం ఉన్న బండి కావాలన్నాడు.

ఏటి ఒడ్డున దుప్పి ఒకతె ముస్తమ్మను అడిగింది. "మీరు పెద్ద వ్యాను కొన్నారట కదా వదినా. ఎలా ఉంది?"

ముస్తమ్మ బురదలో ఇంకో పక్కకు దొర్లింది.

"బ్రహ్మాండంగా ఉంది వదినా. మా ఆయన దిగనంటే దిగనంటున్నాడు."

నీతి: కుటుంబానికి వ్యాను కొనేటప్పుడు అందరికీ సీట్లున్నాయా అని చూడనక్కర్లేదు, ఇంటి యజమాని ఒక్కడు అందులో ఇరుక్కుంటే చాలు, మిగతావాళ్లంతా క్షేమంగా చేరుకుంటారు.