పిన్ నంబరుకు జపనీస్ మాట

ఆ ఉదయం బాబాయి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చాన్నాళ్లకు పని దొరికినవాడి నడకతో అన్న కూతురి అతిథిగృహానికి వచ్చాడు. మధ్యాహ్నం జపాన్ నుంచి పెద్దవాళ్ల బృందం దిగుతోంది. వీధి తలుపుకు ఆమె కొత్తగా మీటల తాళం పెట్టించి, ఎవరి పిన్ నంబరు వాళ్లకు ముందే పంపింది. ఆ నంబరు నొక్కమని జపనీస్‌లో రాసి తలుపుకు అంటించడం బాబాయి వంతు.

ఆయన ఒకప్పుడు యంత్రాల ఫ్యాక్టరీలో జపాన్ ఇంజనీర్లకు దుబాసీ. పిన్నిది పక్క బల్ల. ఈయన వాక్యం మధ్యలో తడబడితే, ఆవిడ టైపు చేస్తూనే మాట అందించేది. పెళ్లయ్యాక, పిల్లలకు తెలియకుండా పోట్లాడుకోవాల్సి వస్తే ఇద్దరూ జపనీస్‌లోకి దిగేవాళ్లు. ఆవిడ పోయాక ఆయనకు ఆ భాషలో పోట్లాడే మనిషే లేకుండా పోయింది.

పిన్ నంబరుకు జపనీస్‌లో సొంత మాట ఒకటుంది. అది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నిఘంటువు చూడమంటే ఆయనకు పౌరుషం వచ్చింది. వ్యక్తికి ‘కొజిన్’, సంఖ్యకు ‘బాంగో’, రెండూ అతికించి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అంటించాడు. ఆయన రిటైరయ్యాక ఆ జంటమాటకు జపాన్ ప్రభుత్వం వేరే ఉద్యోగం ఇచ్చిందని ఆయనకు తెలియదు. ఇప్పుడది ఒక్కో మనిషికి సర్కారు ఇచ్చిన పన్నెండంకెల సంఖ్య. అందరికీ చెప్పేది కాదు.

వచ్చినవాళ్లు కాగితం చదివి మొహమొహాలు చూసుకున్నారు. అంత గుట్టు గోడకు చెప్పడమేమిటని చాలామంది మెట్ల మీద కూలబడ్డారు. మొహమాటస్తుడొకాయన మాత్రం పన్నెండంకెలూ నొక్కేశాడు. నాలుగంకెల తాళం వాటిని మూడు దొంగ ప్రయత్నాలుగా లెక్కగట్టి, కూతపెట్టి, లోపలున్న అమ్మాయికి కూడా తెరుచుకోకుండా బిగుసుకుపోయింది. పక్కింటాయన దొంగలనుకుని పోలీసులకు ఫోన్ చేశాడు. కానిస్టేబుల్ వచ్చి అందరి గుర్తింపు సంఖ్యలూ చెప్పమన్నాడు. బజారు నుంచి అప్పుడే తిరిగొచ్చిన బాబాయి దాన్ని శ్రద్ధగా మళ్లీ ‘కొజిన్ బాంగో’ అనే అనువదించాడు. అతిథులు సంచులు గుండెలకు హత్తుకున్నారు.

“అది కాదు, తలుపు మీద రాయాల్సింది ఇంకోటి... అదేమిటే?” అంటూ ఆయన అలవాటుగా ఎడమపక్కకు తిరిగాడు. అక్కడ కానిస్టేబుల్ ఉన్నాడు.

మెట్ల మీంచి ఒక ముసలావిడ మెల్లగా అందించింది. “అన్షో బాంగో?”

“అదే తల్లీ, అదే,” అన్నాడాయన తెలుగులోనే.

కిటికీ ఊచల వెనక నుంచి అమ్మాయి అడిగింది. “బాబాయ్, వాళ్లకి కోపమొచ్చిందా? క్షమించమని చెప్పవూ.”

ఆయన నడుం వంచి, ఫ్యాక్టరీ రోజుల్లో నేర్చుకున్న నిండు మర్యాదతో క్షమాపణ చెప్పుకున్నాడు. మెట్ల మీద సద్దుమణిగింది. ఆ పలుకుబడి తమ చిన్నప్పుడు ఇంటి పెద్దల నోట విన్నదట. ఇప్పుడలా మాట్లాడేవాళ్లే లేరట. ఇంకోసారి చెప్పమని బతిమాలి, ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఆయన ఇంజనీర్ల గురించి చెప్పాడు, పిన్ని గురించి చెప్పాడు. ఎక్కడా మాట కోసం తడుముకోలేదు.

తాళాలాయన వచ్చి తలుపు తెరిచాడు. గదులు సిద్ధంగా ఉన్నాయని అమ్మాయి ఎంత పిలిచినా ఒక్కరూ లేవలేదు.

ఆ మధ్యాహ్నం మంచి గదిలో కాళ్లు బారచాపుకుని పడుకున్నది కానిస్టేబుల్ ఒక్కడే.