వేణు లీకు ఆపిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే కారు బాగు చేసి, అదే కారులో కోకాపేట వెళ్లాలని వేణు అనుకున్నాడు. అక్కడ బావమరిది ఆకాష్ కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశం. పాలు పొంగించాల్సింది ఆడబిడ్డ జ్యోత్స్న, అంటే వేణు భార్య. ఆమె వెళ్తే గానీ అక్కడ పొయ్యి వెలగదు.

"క్యాబ్ బుక్ చేద్దమా?" అంది జ్యోత్స్న.

"సొంత కారు పెట్టుకొని క్యాబెందుకు? రేడియేటర్ గొట్టం మీద క్లాంప్ వదులై కూలెంట్ కారుతుంది, గంతే. కొత్తది బిగిస్తే అయిపాయె."

హైటెక్ సిటీలో ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ తప్పులు సరిదిద్దుతున్నాడు గానీ, చేత్తో పట్టుకోగలిగిన వస్తువును బాగు చేయడం వేణుకు ఇదే మొదటిసారి. హఫీజ్‌పేట్‌లోని తమ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బానెట్ ఎత్తి పనిలోకి దిగాడు. వెనకే తల్లి చంద్రమ్మ పళ్లెంతో వచ్చింది.

"కొడుకా, రేడియేటర్ల పసుపు పొయ్యి, కారుడు ఆగుతది. మీ నాయన లారీకి గట్లనే చేస్తుండె."

"వద్దమ్మా, క్లాంప్ చాలు."

తెచ్చిన పసుపు ఊరికే పోవడం ఇష్టంలేక చంద్రమ్మ కారుకే బొట్లు పెట్టింది. పక్కనే కుంకుమ కూడా ఉంది కాబట్టి అదీ పెట్టింది. పాలకు వెళ్తున్న పక్క ఫ్లాట్ కమలమ్మ ఆగి చూసింది.

"కొత్త కారా, వేణూ?"

"పాతదే ఆంటీ. నేనే బాగు చేస్తున్న," అన్నాడు వేణు ఛాతీ విరిచి.

కొత్త క్లాంప్ బిగించి, కూలెంట్ పోసి, కింద అట్టముక్క పరిచి ఇంజన్ ఆన్ చేశాడు. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా చూశాడు. అట్ట మీద ఒక్క చుక్క లేదు! ఆ అట్టను తల్లికి చూపించాడు, భార్యకు వీడియో పంపాడు.

ఈలోగా అపార్ట్‌మెంట్ గ్రూపులో కమలమ్మ మెసేజ్ పెట్టింది: "సెల్లార్ల వేణు కార్లు బాగు చేస్తుండు. పూజ గూడ అయింది."

మొదట రామబ్రహ్మం గారు కారుతోనే దిగారు. "మా కారు కింద కూడా నీళ్లండీ. కాస్త చూస్తారా?"

వేణు వంగి, వేలితో తాకి చూశాడు. "ఏసీ నీళ్లు సార్. ఫికర్ లేదు."

"డాక్టరులా చెప్పారండీ!" అన్నారాయన. తను రిపేరు దుకాణం పెట్టలేదని చెప్పడానికి అదే మంచి సమయం. కానీ ఆ పొగడ్తకు పొంగిపోయిన వేణు, వెనకొచ్చిన కారు కిందికి వంగాడు.

ర్యాంపు మీద కార్లు వరుస కట్టాయి. మూడో అంతస్తు ప్రవీణ కారుకు బ్యాటరీ అయిపోతే నలుగురు దాన్ని కిందికి తోశారు. అది సరిగ్గా ర్యాంపు చివర, రెండు స్తంభాల మధ్య అడ్డంగా ఇరుక్కుంది.

పట్టుచీరలో జ్యోత్స్న దిగేసరికి ఆకాష్ ఫోన్. "అక్కా, యాడున్నరు? ముహూర్తం దగ్గర పడ్డదని అయ్యగారు తొందర పెడుతుండు!"

"వస్తున్నం!" అంటూ ఆమె కారు వైపు, ఆ తర్వాత ర్యాంపు వైపు చూసింది. వేణు, రామబ్రహ్మం గారు, చుట్టూ ఉన్నవాళ్లందరూ కలిసి తోశారు. ప్రవీణ కారు కదల్లేదు. దాని వెనక వేణు కారు మాత్రం గుర్రుమనకుండా, ఒక్క చుక్క కార్చకుండా, బొట్లతో మెరిసిపోతూ నిలబడింది.

"ఇగ నడువుండ్రి," అని జ్యోత్స్న కుచ్చిళ్లు పట్టుకొని రోడ్డు మీదికి పరుగెత్తింది. దొరికిన ఆటోలో చంద్రమ్మతో సహా ముగ్గురూ ఇరుక్కున్నారు. దారి పొడుగునా వేణు ఆ అట్టముక్క వీడియో ఆటోడ్రైవరుకు చూపిస్తూనే ఉన్నాడు.

ముహూర్తం దాటకముందే చేరారు. పాలు చక్కగా పొంగాయి. అప్పుడు తీరిగ్గా ఆకాష్ అడిగాడు: "అక్కా, కారేమైంది?"

జ్యోత్స్న భర్త వైపు చూసింది. చేతులకంటిన నల్లమరకలతోనే అతను అందరికీ క్లాంప్ సంగతి వివరిస్తున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది.

"మీ బావ బాగు చేసిండురా. అందుకే ఆటోల వచ్చినం."