చివరి పాటలో తావో

ఆ శనివారం పొద్దున రిగో వేసుకున్న పథకం చిన్నదే. పెళ్ళాం చెలా తెమ్మన్న తీపి రొట్టెలు కొనాలి. దారిలో మెలితోన్ కటింగ్ షాపులో కాసేపు కూర్చోవాలి. తన కొత్త ర్యాప్ ఆల్బమ్ గురించి నలుగురూ ఏమంటున్నారో వినాలి. తను అడగకూడదు, వాళ్ళంతట వాళ్ళే అనాలి.

రిగో ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఇళ్ళకి టైల్స్ వేసేవాడు. కుర్రతనంలో వేసిన మొదటి ఆల్బమ్ సీడీలు ఇంకా మంచం కిందే ఉన్నాయి. చెలా వాటి మీద వేడి గిన్నెలు దించుతుంది. ఈసారి కూడా ఎవరూ వినకపోతే మళ్ళీ మైకు ముట్టుకోనని ఆమెకు మాటిచ్చాడు.

"నీ ఆల్బమ్ విన్నాన్రా," అన్నాడు మెలితోన్, ఎవరిదో గడ్డానికి నురగ పూస్తూ. "ఏడిపించేశావు."

"ఏ పాట?"

"చివరిది. మిగతావి ఎక్కడ వినేది, నాకు పనుంటుంది."

ఆ చివరి పాటలో రాగం పాతకాలపు ప్రేమ పాటది. దాని మీద, పోయిన స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు రిగో. అక్కడ ర్యాప్ పాడేవాళ్ళందరూ ఆల్బమ్ చివర అలా చదువుతారు. ఆఖరి పేరు పాత నేస్తం తావోది.

గడ్డం గీయించుకుంటున్నాయన గుడ్డ కింద నుంచి తలెత్తాడు. "తావో పోయాడా? మాకెవరూ చెప్పలేదే."

"నా కళ్ళతో చూశానన్నా," అన్నాడు రిగో.

"శవాన్నా?"

"వాడి కారుని. బౌలెవార్డ్ రోడ్డు మీద వెళ్తోంది. మీసం కూడా రాని వాడెవడో నడుపుతున్నాడు."

ఒకాయన టోపీ తీసేశాడు. నేలని రాసుకుంటూ పోయేలా కిందికి దించిన ఆ నీలం ఇంపాలా కారుని తావో తప్ప ఇంకొకరు నడపగా చూసినవాళ్ళు లేరు. నన్ను గోతిలో దించాకే ఇంకొకడు ఈ స్టీరింగ్ పట్టుకోవాలి అని వాడు చెప్పని ఆదివారం లేదు. పొమోనా ఊరికి మారాక వాడి ఫోన్ నంబరు కూడా పని చేయడం మానేసింది. అంతకంటే రుజువు ఎవరికి కావాలి?

మధ్యాహ్నానికి రిగో ఫోన్ అభిప్రాయాలతో నిండిపోయింది. 'చివరి పాట విని కారు పక్కకి ఆపి ఏడ్చాను.' 'మొదటి పాటలు దాటేయండి, చివరిది వినండి.' 'తావో అన్నా, పైన కూడా నెమ్మదిగా నడుపు.' కొవ్వొత్తుల బొమ్మలకైతే అంతే లేదు. అంత దుఃఖంలోనూ రిగో ఛాతీ కొంచెం పొంగింది. పొంగినందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఇంకాసిని చదివాడు.

సాయంత్రానికి, ఆదివారం ఆదివారం పాత కార్లలో షికారు తిరిగే క్లబ్బుకి పెద్ద, బెటో ఫోన్ చేశాడు. "రేపు టైర్ల కొట్టు దగ్గర కార్లు కడుగుతున్నాం. నువ్వొచ్చి ఆ పాట పాడాలి." వాళ్ళలో ఎవరింట్లో మనిషి పోయినా పేటంతా కలిసి కార్లు కడిగి, వచ్చిన డబ్బు పూడ్చే ఖర్చులకి ఇస్తారు. రేడియోలో కూడా చెప్పించానన్నాడు బెటో.

చెలా పెనం మీద టోర్టియా రొట్టెలు తిప్పుతూ వింది. "తావో పెళ్ళాం ఇర్మాతో మాట్లాడావా?"

"దుఃఖంలో ఉంటుంది కదా. ఎలా పలకరించను?"

"దుఃఖంలో ఉన్నవాళ్ళనే కదయ్యా పలకరించేది. ఎలా పోయాడంట?"

"తెలీదు."

"ఎప్పుడు?"

"తెలీదు."

"పాట మాత్రం రాసేశావు."



ఆదివారం టైర్ల కొట్టు ముందు కార్లు వీధి మలుపు దాకా నిలబడ్డాయి. తావో పాత ఫోటోని పెద్దది చేసి గోడకి అంటించారు. మెలితోన్ అక్క మొక్కజొన్న పిండి తమాలేలు వండి తెచ్చింది. బెటో తన ఎర్ర కారులోంచి దిగకుండానే అందరికీ పనులు పురమాయిస్తున్నాడు. రిగో స్పాంజి పట్టుకుని వచ్చిన కారునల్లా కడుగుతుంటే, జనం భుజం తట్టి పోతున్నారు. తట్టినప్పుడల్లా వాడు కాస్త కుంగుతున్నాడు.

వరసలో ఒక బూడిద రంగు వ్యాను వచ్చింది, పిల్లల్ని బడికి దింపేలాంటిది. అద్దం బెత్తెడు దిగింది. లోపల నల్ల కళ్ళజోడు, కనుబొమల దాకా లాగిన టోపీ.

"తావో?" రిగో అద్దం దగ్గరికి వంగాడు.

"నోర్మూసుకుని అద్దం తుడువు."

"బతికే ఉన్నావా?"

"నిన్న రేడియో వినేదాకా ఆ అనుమానం లేదు నాకు."

"మరి కారు?"

తావో అటూ ఇటూ చూశాడు. "మోకాళ్ళురా. అది మరీ కింద కదా, దిగలేకపోతున్నాను. ఒకరోజు కూరగాయల కొట్టు ముందు ఇరుక్కుపోయాను. ఇద్దరు ముసలమ్మలు చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. మర్నాడే అమ్మేశాను. నంబరు కూడా మార్చేశాను. నన్నిలాగే చావనివ్వు. వ్యానులో తిరుగుతున్నానని తెలిసే కంటే ఇదే నయం."

రిగో స్పాంజి పిండాడు. వీడు పోయినట్టే ఉంటే పాట నిలబడుతుంది, వీడి పరువూ దక్కుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు నురగలో తల దూర్చేయాలనిపించింది. అంతలో మెలితోన్ కళ్ళు తుడుచుకుంటూ కేకేశాడు. "ఈ డబ్బు ఇర్మా చేతికే ఇద్దాం. అన్ని కార్లూ ఇప్పుడే పొమోనా పోదాం."

అవతలి అద్దం తుడవడానికి వచ్చిన చెలా లోపలికి చూసింది. మొగుడి వైపు చూసింది. మైకు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"నాదే తప్పు," అన్నాడు రిగో. చెవులు కాలిపోతున్నాయి. "ఎవర్నీ అడక్కుండా రాశాను. పాటకి బాగుంటుందని అడగలేదు. తావో బతికే ఉన్నాడు."

బతికుంటే సంతోషమని ఎవరూ అనలేదు.

"మరి కారు?" అన్నాడు బెటో.

"అది నేను చెప్పను."

వ్యాను తలుపు తెరుచుకుంది. తావో హాయిగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాడు. "మోకాళ్ళు," అన్నాడు నేల చూస్తూ.

అంతలో ఎర్ర కారులోంచి బెటో చిన్న గొంతుతో అన్నాడు. "నాకూ ఒకరు చెయ్యివ్వండ్రా. పొద్దుట్నుంచీ దిగలేక కూర్చున్నాను."

డబ్బు తిరిగిస్తామంటే ఎవరూ పుచ్చుకోలేదు, కార్లు కడిగారు కదా అన్నారు. కన్నీళ్ళు మాత్రం తిరిగిమ్మన్నాడు మెలితోన్.

ఇంటికొచ్చేసరికి అభిప్రాయాలన్నీ మారిపోయాయి. 'చివరిది కూడా దాటేయండి.' 'ఇకమీద శవాన్ని చూపిస్తేనే వింటాం.' రిగో మైకు తీసుకెళ్ళి మంచం కింద సీడీల పక్కన పెట్టాడు.

"ఉండు, ఒకాయన అన్ని పాటలూ విన్నాడంట," అంది చెలా ఫోన్ చూస్తూ.

"ఎవరు?"

"తావో."

రిగో గబుక్కున వచ్చి ఫోన్ అందుకున్నాడు.

'చివరి పాటలో పోయింది నేనే. మిగతా పాటలు వింటున్నంతసేపూ నాకు అలాగే అనిపించింది.'