పన్నెండింటికి తీసుకుపోవచ్చు

ఆ ఆదివారం గడియారాల మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే. పన్నెండు గంటల్లోపల ఇంట్లో ఏ స్పీకర్లు ఉండాలో, ఏవి వెనక్కి పోవాలో తేల్చెయ్యాలి. షాపు సేల్స్‌మన్ ముందురోజు రెండు సెట్లు హాల్లో దింపి వెళ్లాడు. ఒకటి మనిషెత్తు స్పీకర్లది, రెండోది గోడకు తగిలించుకునే బుల్లి పెట్టెలది.

"రెండూ విని ఒకటి ఉంచుకోండి సార్. రెండోదాని కోసం వేరే పార్టీ కాచుక్కూచుంది. పన్నెండు దాటితే మా ఓనరు నన్ను నిలువునా చీరేస్తాడు" అని మరీ మరీ చెప్పాడు.

మెకానిక్ మనసు మనిషెత్తు వాటి మీద ఉంది. ఆయన భార్య రైల్వే స్టేషన్లో అనౌన్సరు. "రోజంతా నా గొంతు నేనే వింటానండీ. ఆదివారం కూడా అంతంత స్పీకర్లు నా మీదికి అరవక్కర్లేదు" అని ఆవిడ బుల్లివాటి వైపు నిలబడింది. చివరికి రెంటినీ కొలిచి చూద్దామని ఒప్పందం కుదిరింది. సోఫా దగ్గర చిన్న మైకు పెడితే, యాంప్లిఫయరు ఒక్కో స్పీకరు చేత ఒక్కో కూత కూయించి, గదికి తగ్గట్టు ధ్వనిని తనే సర్దుకుంటుంది. ఆ ఏడు నిమిషాలూ గదిలో చీమ చిటుక్కుమనకూడదు.

మెకానిక్ పని పట్టాడంటే సగంలో వదిలే మనిషి కాదు. ఫ్యాను ఆపాడు. ఫ్రిజ్ ఆపాడు. కాలింగ్ బెల్ తీగ పీకేశాడు. రెండు ఫోన్లూ ఆఫ్ చేసి బీరువాలో పెట్టాడు. ఇక మిగిలినవి ఇంట్లో టిక్కుటిక్కుమంటున్న ఏడు గడియారాలు. వాటిని గుమ్మం బయట పొడవాటి బల్ల మీద వరసగా పేర్చాడు. ఒక చివర గుండ్రటి గోడ గడియారం, మధ్యలో గంటలు కొట్టే పెట్టె గడియారం, రెండో చివర నిలువుగా రెండు అలారాలు. దుమ్ము పడకుండా వాటి మీద తెల్ల దుప్పటి కప్పాడు. సేల్స్‌మన్ ముందుగా వచ్చి తలుపు బాదుతాడేమోనని ఒక కాగితం రాసి తలుపుకి అంటించాడు.

"దయచేసి నిశ్శబ్దం. తలుపు కొట్టవద్దు. పన్నెండింటికి తీసుకుపోవచ్చు."

పదింబావుకు మెకానిక్ అక్కయ్య, ఎప్పుడో పట్టుకెళ్లిన గొడుగు తిరిగిచ్చేద్దామని మెట్లెక్కి వచ్చింది. ముందు కాగితం చదివింది. తర్వాత బల్ల చూసింది. దుప్పటి కింద ఒక చివర గుండ్రంగా, రెండో చివర పైకి లేచిన పాదాల్లా ఉంది. గొడుగు చేతిలోంచి జారిపోయింది.

ముందురోజు తమ్ముడు ఫోన్లో అన్న మాటలు చెవిలో గింగురుమన్నాయి. "ఇంక నా వల్ల కాదక్కా. రేపటితో అటో ఇటో తేలిపోతుంది." అతను అన్నది స్పీకర్ల గురించి. దుప్పటి ఎత్తి చూడడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. మరదలికి చేస్తే అదీ స్విచాఫ్. నాలుగు మెట్లు దిగి భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, మా తమ్ముడు... తెల్లదుప్పటి... పన్నెండింటికి తీసుకెళ్లిపోతారట!"

బావగారు మాట వృథా చేసే మనిషి కాదు. వెంటనే రెండు ఫోన్లు చేశారు. ఒకటి మెకానిక్ అన్నయ్యకు, రెండోది గడియారాల మెకానిక్‌ల సంఘం కార్యదర్శికి. పది నిమిషాల్లో గడియారాల షాపుల వీధిలో షట్టర్లన్నీ దిగిపోయాయి.

లోపల కొలత మొదలవలేదు. బుల్లి స్పీకర్లకు తీగలు బిగించేసరికే పదిన్నర దాటింది. మొదటి కూత పడగానే టీవీ తెర మీద అక్షరాలొచ్చాయి: "గదిలో శబ్దం ఉంది. మళ్లీ ప్రయత్నించండి."

"నువ్వు ఊపిరి గట్టిగా పీలుస్తున్నావు" అన్నాడు మెకానిక్ గుసగుసగా.

"ఊపిరి కూడా మానెయ్యమంటారా?"

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. ఈసారి ఆవిడ అతని మోకాలు చూపించింది. "మీ ఎముకలు కటకటలాడుతున్నాయి." ఇద్దరూ కుర్చీలకు అతుక్కుపోయి, కళ్లు మూసుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నారు. మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే. గుమ్మం బయట కాగితానికి కట్టుబడి ఏడుగురు, చేత్తో నోరు నొక్కుకుని వెక్కిళ్లు పెడుతున్నారని వాళ్లకేం తెలుసు!

అందరికంటే చివర వచ్చింది అన్నయ్యా, వదినా. అన్నదమ్ముల మధ్య మూడేళ్లుగా మాటల్లేవు. తండ్రిగారి పాత రేడియోను ఇల్లు మారేటప్పుడు పాతసామాన్లవాడికి వేసేశానని అన్న చెప్పిన రోజున, తమ్ముడు గుమ్మం దిగిపోయి మళ్లీ ఎక్కలేదు. ఇప్పుడు అన్నయ్య ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటుతో నాలుగు అంతస్తులు పరుగెత్తి, బల్ల పక్కన కూలబడ్డాడు. కాగితం సంగతి ఆయనకు గుర్తులేదు.

"ఒరేయ్! నీకు అబద్ధం చెప్పానురా! రేడియో వెయ్యలేదు, నా దగ్గరే ఉంది! నేనే బాగుచేద్దామని విప్పాను. మళ్లీ బిగించడం చేతకాలేదు. గడియారాలు బాగుచేసే తమ్ముడి ముందు ఆ మాటెలా చెప్పనురా? సిగ్గేసి, పారేశానన్నాను. ఒక్కసారి లేచి నన్ను తిట్టరా!"

దుప్పటి కింద నుంచి "ఠంగ్!" మని మోగింది.

అన్నయ్య వెనక్కి పడ్డాడు. అక్కయ్య బావగారిని కౌగలించుకుంది. ఠంగ్, ఠంగ్ అంటూ పదకొండు గంటలు పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. కార్యదర్శి మాత్రం అలవాటు కొద్దీ చేతి గడియారం చూసుకుని, "నాలుగు నిమిషాలు లేటు" అన్నాడు.

ఆ మాటకు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో మెకానిక్ నిలబడి ఉన్నాడు. చెమటకు తడిసి, మొహం పాలిపోయి, చూడ్డానికి నిజంగానే బల్ల మీంచి లేచివచ్చినవాడిలా ఉన్నాడు. అందరూ ఒక్కసారిగా కెవ్వుమన్నారు. సంఘం సభ్యుడొకడు చేతిలో దండ పడేసి మెట్లు దిగబోయాడు.

అప్పుడు అతని వెనక నుంచి, రోజూ వేలమందిని దారిలో పెట్టే గొంతు నింపాదిగా వినిపించింది.

"బంధువులకు, సంఘ సభ్యులకు ముఖ్య గమనిక. ఆయన క్షేమంగా ఉన్నారు. దుప్పటి కింద ఉన్నవి గడియారాలు. దయచేసి తోసుకోకుండా లోపలికి రావలసిందిగా కోరుతున్నాం."

అందరూ వరసలో లోపలికి నడిచారు. అన్నయ్య ఒక్కడే అక్కడే నిలబడి, తమ్ముణ్ణి కింది నుంచి పైకి చూశాడు.

"బతికున్నవాడివి, నేను అంతసేపు ఏడుస్తుంటే తలుపు తియ్యవా?"

"రేడియో ఉందని అంటుంటే, మధ్యలో ఆపుతావేమోనని తియ్యలేదు" అన్నాడు మెకానిక్. "మరలు అయినా జాగ్రత్తగా పెట్టావా?"

"అగ్గిపెట్టెలో పెట్టాను. రెండు ఎక్కువున్నాయి."

మెకానిక్ అన్నయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

క్షమాపణలూ, చీవాట్లూ, మంచినీళ్లూ అయ్యేసరికి సేల్స్‌మన్ దిగాడు. పన్నెండుకు పావుగంట ఉంది. రెండు సెట్లు కొలిచే టైము లేదు. తీగలు బుల్లివాటికి బిగించి ఉన్నాయి కాబట్టి ఎంపిక దానంతటదే జరిగిపోయింది. అనౌన్సరు పెదవుల చివర నవ్వు దాచుకోలేదు. సేల్స్‌మన్ బయట కాపలా నిలబడ్డాడు. లోపల పదకొండుమంది, సోఫాలో, నేల మీద, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని, ఊపిరి బిగబట్టారు. ఏడు నిమిషాలు. ఎవరూ దగ్గలేదు. తెర మీద "కొలత పూర్తయింది" అని పడగానే చప్పట్లు మోగాయి. ఒక పాట పెట్టుకుంటే, పాడేవాడు ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. మనిషెత్తు స్పీకర్లు లిఫ్టులో దిగిపోతుంటే మెకానిక్ తల తిప్పుకున్నాడు.

సాయంత్రం బంధువులంతా వెళ్లిపోయాక, ఇద్దరే కూర్చుని అదే పాట పెట్టారు. పాడేవాడు ఈసారి బిందెలో తల పెట్టి పాడుతున్నట్టుంది. మెకానిక్ గాభరాగా సేల్స్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"కొలిచినప్పుడు లోపల ఎంతమంది ఉన్నారు సార్?"

"పదకొండుమంది."

"అదీ సంగతి. మనుషులు శబ్దాన్ని పీల్చుకుంటారు సార్. అది పదకొండుమందికి కుదిరిన కొలత. మీ ఇద్దరికే కావాలంటే మళ్లీ కొలుచుకోవాలి. ఏముంది, కాసేపు ఫోన్లు ఆపేసి, తలుపేసుకుని..."

మెకానిక్ ఫోన్ పెట్టేసి భార్య వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. మళ్లీ కొలవడం కంటే ప్రతి ఆదివారం తొమ్మిదిమందిని పిలవడమే తేలికని, ఆ ఇంట్లో మొదటిసారి ఏ వాదనా లేకుండా ఒక నిర్ణయం జరిగింది.